రాతిగుండు దాకా నడక

డెబ్బైల్లో మేము మదీనాగూడలో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన గుండె బలహీనపడి, కాళ్ళు వాచి, పట్నం ఆస్పత్రిలో కొన్నాళ్ళుండి వచ్చారు. పంపేటప్పుడు డాక్టరు నాతో అన్నారు: “వాపు తగ్గింది. ఇక మంచానికి అంటిపెట్టుకోనివ్వకండి. రోజూ నడిపించండి. మాట్లాడుతూ నడవగలిగినంత సేపే. మాట తెగితే ఆగిపోండి.”

మా ఆయన మాటకారి కాదు. నోరు విప్పేది వాళ్ళ అక్కయ్యను నేనేమైనా అన్నప్పుడే. అందుకని గేటు దాటగానే మొదలుపెట్టేదాన్ని. అక్కయ్యగారి అబ్బాయి ఒడుగునాడు ఆవిడ పంక్తిలో అందరికీ బూరెలు వడ్డించి, నా విస్తరి దాటిపోయిందని.

“వేసింది. నువ్వే వద్దన్నావు.”

“నేను వద్దనలేదు.”

అలా బొంబాయి రోడ్డు పక్కనున్న రాతిగుండు దాకా వెళ్ళేవాళ్ళం. ఆయన జవాబు ఆగితే నేనూ ఆగేదాన్ని.

ఇంటి ఓనరమ్మ అరుగు మీంచి, “ఏందమ్మా, బీమారున్న మనిషిని నడిపిచ్చుడే గాక లొల్లి గూడనా? జర కూసోనియ్యి సారును,” అనేది. ఆ మాట నేను మరిచిపోలేదు.

వానాకాలంలో ఆ ఆడపడుచే గుంటూరు నుంచి తమ్ముణ్ణి చూడవచ్చింది. మావాళ్ళలో పరామర్శకు వచ్చినవాళ్ళకు రోగి పడుకునే కనిపించాలి. మేము రోడ్డు మీద ఎదురయ్యాం.

“గుండెజబ్బు మనిషిని ఊరేగిస్తున్నావుటే?”

“మీ గురించే మాట్లాడుకుంటున్నాం వదినగారూ,” అన్నాను.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆయన్ని మంచం దిగనివ్వలేదు. కంచం కూడా మంచం దగ్గరికే. చూడవచ్చినవాళ్ళంతా ఆవిణ్ణి మెచ్చుకున్నారు. డాక్టరు మాట చెప్పాను. “వీణ్ణి డాక్టరు కన్నాడా, మా అమ్మ కన్నదా?” అంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అదీ నాకు గుర్తే.

ఆవిడ బస్సెక్కిన సాయంత్రం ఆయన్ని లేపి నిలబెట్టాను. పిక్కలు సన్నబడ్డాయి, పాదాలు మళ్ళీ ఉబ్బాయి. గేటు చేరేలోపే చెయ్యి గోడకు ఆనించారు. నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. అలవాటుకొద్దీ అన్నాను, “ఆ రోజు నా విస్తట్లో బూరె పడలేదు.”

ఊపిరి కోసం చాలాసేపు ఆగారు. ఓనరమ్మ అరుగు మీంచి చూస్తూ ఉంది.

“వేసింది,” అన్నారు.

గేటులోంచి రాతిగుండు కనిపిస్తూనే ఉంది. ఆ పూటకు అంతే. వెనక్కి తిరిగాం.