రెండో సాక్షి

గ్రిజెల్ మంకర్‌కు గోడ కట్టే పని ఎవరూ నేర్పలేదు. తండ్రి కట్టిన గోడలు కూలిన చోట రాళ్ళు విప్పి చూసి తనే నేర్చుకుంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చే గోడలవి. నలభై ఆరేళ్ళు వచ్చేసరికి గ్లెన్ అర్రిక్ లోయలో ఆమె కట్టిన గోడ ఒక్కటీ గొర్రెకు దారి ఇవ్వలేదు.

1858 మార్చిలో లోయ దొర సర్ లూడోవిక్ చనిపోయాడు. వంశంలో తరతరాలుగా వస్తున్న 'సర్' బిరుదు ఇక తనదేనని తమ్ముడు ఆర్చిబాల్డ్ కోర్టుకెక్కాడు. కొలిమిలో పనిచేసే నికల్ చనిపోయిన దొర కొడుకేనని లోయంతా ఎరుగును. పెళ్ళి కాని తల్లికి పుట్టాడనే అనుకునేవారు. కాదని తెలిసినవాళ్ళు బతికున్నది ఇద్దరే. ఇరవై నాలుగేళ్ళ కిందట గొర్రెల దొడ్డిలో, గ్రిజెల్, కాపరి వాటీ చూస్తుండగా, లూడోవిక్, పాలు పితికే ఎల్‌స్పెత్ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తాము భార్యాభర్తలమని చెప్పుకున్నారు. స్కాట్లండ్ చట్టానికి అంతే చాలు, పాదిరీ అక్కర్లేదు. తండ్రికి భయపడి లూడోవిక్ ఆ మాట బయటపెట్టవద్దన్నాడు. సాక్షులిద్దరూ పెట్టలేదు. ఇప్పుడు గ్రిజెల్ నికల్ తరఫున ఆ పెళ్ళి సంగతి చెప్పడానికి సిద్ధపడింది.

"ఒక్కరి సాక్ష్యం చెల్లదమ్మా" అని నికల్ లాయరు అనగానే, గ్రిజెల్ కొండ దాటి పన్నెండు మైళ్ళు నడిచి వాటీ ఇంటికి వెళ్ళింది.

"పెళ్ళా? ఏ పెళ్ళి?" అన్నాడు వాటీ.

"మతిమరుపు బాగానే అబ్బిందే! గొర్రెపిల్లల లెక్క మాత్రం ఒక్కటీ తప్పనివ్వవు."

"నేనుండే ఇల్లు ఆర్చిబాల్డ్ దొర చేతిలోది, తల్లీ. నోరు విప్పానా, తెల్లారేసరికి నా మంచం రోడ్డు మీదుంటుంది."

"నా ఇల్లూ ఆయన చేతిలోదే. నా మంచం నీ మంచం పక్కనే పడుతుందిలే. ఊరికి ఇంకో కథ దొరుకుతుంది."

వాటీ నవ్వాడు గాని, తల అడ్డంగానే ఊపాడు.

ఆమె కోటు తీసి, అతని పెరట్లో కూలిన గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు ఏరసాగింది. కాసేపు చూసి వాటీ తనూ వచ్చి రాళ్ళు అందించాడు.

"ఎల్‌స్పెత్‌ను చర్చిలో అందరి ముందూ నిలబెట్టి, పాపం చేశానని చెప్పించారు చూడు, ఆరోజు మనిద్దరం ఎక్కడున్నాం వాటీ?"

వాటీ చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది.

"ఆ చర్చిలోనే, ఒకే బల్ల మీద" అన్నాడు చివరికి.

"ఆ రాయి ఇటివ్వు."

ఎడిన్‌బరా కోర్టులో ఇద్దరినీ విడివిడిగా విచారించారు. "ఇంతకాలం ఎందుకు దాచావు?" అని ఆర్చిబాల్డ్ లాయరు గ్రిజెల్‌ను గద్దించాడు.

"పిరికితనం, అయ్యా. రాసుకోండి."

తర్వాత వచ్చిన వాటీ కూడా ఆ పెళ్ళి మాటలు పొల్లుపోకుండా అలాగే చెప్పాడు. బిరుదు నికల్‌కు దక్కింది. తీర్పు వచ్చేలోపే ఆర్చిబాల్డ్ మనుషులు గ్రిజెల్ ఇంటికప్పు పీకేశారు. ఆమె పక్క లోయలో పనికి కుదిరింది. తిరిగి రమ్మని సర్ నికల్ కబురు పంపాడు. చేతిలో ఉన్న గోడ పూర్తయ్యాక వస్తానంది.