ముగ్గురం, ఒక గులకరాయి

బయలుదేరినవాళ్లం: నేను, నా భార్య సరస్వతి, మా మేనత్త రత్తమ్మ. సామాను: ట్రంకుపెట్టె ఒకటి, పరుపుచుట్ట ఒకటి, రెండు శేర్ల బియ్యం మూట, కందిపొడి సీసా, మరచెంబు, లాంతరు, నా గొడుగు. ఇవి కాక ఒక గులకరాయి. ముగ్గురు కలిసి ప్రయాణం కట్టకూడదని అమ్మ వాకిట్లో ఏరి నా జేబులో వేసింది.

"ఇదే నాలుగో మనిషి. తిరిగొచ్చేదాకా పారేయకు" అంది.

అసలు వెళ్లాల్సింది ఇద్దరం.

ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. ఓవర్సీరు పరీక్ష ప్యాసై, యుద్ధం కోసం పెట్టిన ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తున్నాను. యుద్ధం ముగిసింది. మార్చి ఆఖరుకి ఆఫీసు ఎత్తేస్తున్నారు. తుంగభద్ర మీద డ్యామ్ కడుతున్న చోట నాకు వేరే ఉద్యోగం దొరికింది. కుటుంబంతో వస్తే రెండు గదుల క్వార్టరు, ఒంటరిగా వస్తే షెడ్డులో ఒక మంచం. ఏది కావాలో సోమవారం లోపు తంతి ఇవ్వాలి. అంటే సరస్వతి వస్తుందో రాదో ఆ లోపు తెలియాలి.

అడగడానికి ఇంట్లో వీలు లేదు. పటమటలో మాది నాలుగు మగ్గాల ఇల్లు. నూలు కంట్రోలు వచ్చాక రెండు మగ్గాలు ఖాళీగా ఉన్నాయి గాని, మనుషులు మాత్రం తగ్గలేదు. పగలు పెద్దవాళ్ల ముందు భార్యతో మాట్లాడటం మా ఇంటి మర్యాద కాదు. రాత్రి మా గదికీ అమ్మానాన్నల గదికీ మధ్య ఉన్నది తడిక. ఇటు గాజులు కదిలితే అటు నాన్న దగ్గుతాడు.

మా పై ఇంజనీరుగారు ఏటా పెళ్లిరోజుకి భార్యతో కొండప్రాంతాలకు వెళ్లొస్తారు. నాకు తోచిన ఉపాయం అదే. మా మొదటి పెళ్లిరోజు మాఘంలో శనివారం నాడు పడింది. కొండపల్లి వెనక కొండమీద ఎర్రగట్టు అని చిన్న ఊరు ఉంది. చదువుకునే రోజుల్లో సర్వేకి వెళ్లి అక్కడ రెండు రాత్రులు పడుకున్నాను. అంత నిశ్శబ్దం ఇంకెక్కడా ఎరుగను. పాత బంగళా ఒకటి ఉంటే దానికి అనుమతి కాయితం కూడా తెప్పించాను.

అమ్మ విని బుగ్గన వేలేసుకుంది. "పెళ్లిరోజుకి ఊరెళ్లడమేంట్రా? జంటగా దిగితే లేచొచ్చారనుకుంటారు. అత్తయ్యను తీసుకెళ్లు."

అత్తయ్య నాన్నకి అక్క. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఎలా పోయాడో మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. "నాకెందుకమ్మా కొండలు" అంటూనే తెల్లచీర మడతపెట్టుకుంది.

శనివారం పొద్దున ఆరింటికి జట్కా ఎక్కి బెజవాడ స్టేషనుకి చేరాం. బండి ఏడు పదికి అన్నారు, కదిలింది ఏడు ముప్పై అయిదుకి. మూడో తరగతి టిక్కెట్టు మనిషికి నాలుగణాల లోపే. ఆడవాళ్లిద్దరినీ ఆడవాళ్ల పెట్టెలో ఎక్కించి నేను పక్కపెట్టెలో ఎక్కాను. నా ఎదురుగా తమలపాకుల బుట్టతో ఒక పెద్దాయన కూర్చున్నాడు.

"ఒక్కరేనా బాబూ?"

"లేదండీ. నా భార్య, మేనత్త పక్కపెట్టెలో ఉన్నారు. ఇవాళ మా పెళ్లిరోజు."

ఆయన కాసేపు ఆకులు సర్దుకుని, "అయితే తాళం కప్ప కూడా వెంటే తెచ్చుకున్నారన్నమాట" అన్నాడు. పెట్టె అంతా నవ్వింది.

కొండపల్లిలో స్టేషను దగ్గరి హోటల్లో ఇడ్లీ బాగుంది, కాఫీ నీళ్లు. బొమ్మలు చేసే వీధిలో సరస్వతి ఒక ఏనుగును చేతిలోకి తీసుకుని, "ఇంత తేలికా!" అని ఆశ్చర్యపోయి మళ్లీ పెట్టేసింది. కొనేవాళ్లు తిరుగుప్రయాణంలో కొనుక్కోవడం మంచిది, కొండెక్కేటప్పుడు మోత తప్పుతుంది. అక్కడినుంచి కొండ మొదలుదాకా ఎద్దుబండి దొరుకుతుంది. తర్వాత రెండు మైళ్లు నడక, సామానుకి కూలిమనిషి దొరుకుతాడు. దారి రాళ్లబాట, ఎక్కుడు మరీ నిటారు కాదు. అత్తయ్య మా ఇద్దరికంటే ముందు నడిచింది.

పన్నెండింటికి బంగళా చేరాం. గుమ్మంలో ఎవరివో బూట్లు ఉన్నాయి. కాపలావాడు నా కాయితాన్ని చివరిదాకా చదివించుకుని విన్నాడు.

"నిన్న అడవిశాఖ దొరగారు క్యాంపు దిగారండి."

"నా దగ్గర అనుమతి ఉందయ్యా."

"కాయితం మీ దగ్గరుందండి. దొరగారు లోపలున్నారు."

చెట్టుకింద పెట్టె మీద కూర్చున్న మమ్మల్ని చూసి వెంకయ్యగారనే రైతు తన ఇంటికి తీసుకెళ్లాడు. మనిషి మంచివాడు. బియ్యం మూట విప్పనివ్వలేదు. జొన్నన్నం, పచ్చిపులుసు పెట్టించాడు. భోజనం కాగానే పడక ఏర్పాట్లు చెప్పాడు. "ఆడవాళ్లు లోపల మా ఆడవాళ్లతో పడుకుంటారు. మనిద్దరం అరుగుమీద. గాలి బ్రహ్మాండంగా ఉంటుంది."

పరాయి ఇంట్లో అతిథిగా ఉండి, నా భార్య పక్కన పడుకుంటానని అడిగే మగవాడు మా వైపు ఇంకా పుట్టలేదు. "అలాగేనండి" అన్నాను.

సాయంత్రం నాలుగింటికి అత్తయ్య కునుకు తీసింది. మేమిద్దరం ఊరి చివర రాతిబండ దాకా నడిచాం. అక్కడినుంచి కృష్ణ సన్నగా, పక్కన కాలవలు ఇంకా సన్నగా కనిపిస్తాయి. వెళ్లేవాళ్లు ఆ బండ తప్పక చూడాలి. ఏడాదిలో పగటిపూట మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఉద్యోగం సంగతి, క్వార్టరు సంగతి చెప్పాను.

"ఏమండీ, అక్కడ జ్వరాలట కదా?"

"ఆస్పత్రి ఉంది. ఆదివారం ఆదివారం క్వినైన్ ఇస్తారు. గదులు ఒక్కొక్కటి పది అడుగులకి పన్నెండు. వంటిల్లు విడిగా. వరస చివర కొళాయి."

"కిటికీలు?"

"రెండు."

"ఎటువైపు?"

నాకు పంపిన ప్లానులో ఉత్తర దిక్కు గుర్తు వేయలేదు. ఆ మాటే చెప్పాను. సరస్వతి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంజనీర్లు కట్టే ఇంటికి తూర్పు ఎటో ఇంజనీర్లకే తెలీదు కాబోలు!" తర్వాత నవ్వు ఆపి, "నాకు రావాలనే ఉంది. మన తలుపు మనమే వేసుకుని, మనమే తీసుకుని... ఒక్క నెలైనా చాలు. రేపు పొద్దున గట్టిగా చెబుతాను" అంది.

"ఇప్పుడే చెప్పెయ్."

"సరస్వతీ! మంచు పడుతోంది, ఇంటికి రా!" అని వెనకనుంచి అత్తయ్య కేక.

ఆ రాత్రి ఎనిమిదింటికే లోపల దీపం ఆర్పేశారు. అరుగుమీద వెంకయ్యగారు అడవిపందుల సంగతి చెబుతూ నిద్రపోయాడు. లోపల అత్తయ్య గొంతు సన్నగా వినబడుతూనే ఉంది. మాటలు తెలియలేదు. వింటూ నేనూ నిద్రపోయాను.

పొద్దున సరస్వతి కళ్లు ఉబ్బి ఉన్నాయి. కొండ దిగేటప్పుడు అత్తయ్య చెయ్యి పట్టుకుని నడిచింది. కొండపల్లి స్టేషనులో బండి గంట ఆలస్యం. ఒకే బెంచీ మీద ఈ చివర నేను, ఆ చివర సరస్వతి, మధ్యలో అత్తయ్య. అత్తయ్య మరచెంబు తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్లగానే సరస్వతి నా వైపు తిరగకుండానే అంది.

"నేను రానండి."

"నిన్న రావాలని ఉందన్నావు."

"నిన్నటికి అత్తయ్యగారు చెప్పలేదు."

అప్పుడు తెలిసింది. మా మావయ్య పోయింది ఇంట్లో కాదు. ఏదో కాలవ తవ్వే చోట మేస్త్రీగా చేరి, పదిహేనేళ్ల అత్తయ్యను వెంట తీసుకెళ్లాడు. నాలుగు నెలలకే జ్వరం తగిలింది. దహనం అక్కడే అయింది. అత్తయ్య ఆయన తలపాగా ఒళ్లో పెట్టుకుని పడవలో ఒంటరిగా పుట్టింటికి వచ్చింది.

"వాళ్లకీ ఆదివారం ఆదివారం క్వినైన్ ఇచ్చేవారట" అంది సరస్వతి.

"అది నలభై ఏళ్ల కిందటి మాట. సరే, నువ్వు ఇంటి దగ్గరే ఉండు. ముందు నేను వెళ్లి చూసి..."

ఆమె ఈసారి నా వైపు తిరిగింది. "నేను రానంటే మీరు ఆగిపోతారనుకున్నాను."

"ఆగి ఏం చెయ్యను? మార్చి తర్వాత జీతం లేదు."

"మగ్గాలున్నాయిగా."

"నూలేదీ?"

"నూలు లేకపోతే ఒకపూట తిని బతుకుతాం. మీకు జ్వరం వస్తే నేనేం తిని బతకను?"

రెండు మగ్గాలకే చాలని నూలుతో మా ఇంట్లో తొమ్మిదిమంది తింటున్నారు. పదో నోరుగా నేను తిరిగి కూర్చోలేను. అదే చెప్పాను. ఆమె మళ్లీ పట్టాల వైపు తిరిగింది.

అత్తయ్య నీళ్లతో వచ్చి మా మధ్య కూర్చుంది. "ఏమంటాడే?"

"వెళ్తారటండీ."

"మా ఆయనా అలాగే అన్నాడు" అంది అత్తయ్య. బండి రాగానే వాళ్లిద్దరూ ఆడవాళ్ల పెట్టెలో ఎక్కారు.

నేను కొండమీద నిశ్శబ్దం కావాలనుకున్నాను, అది దొరికింది. భార్య ఒకరితో మనసు విప్పి మాట్లాడటానికి చోటు కావాలనుకున్నాను, అదీ దొరికింది. ఆ ఒకరు నేను కాదు. వెళ్లదలచినవాళ్లకి నా సలహా: ఎర్రగట్టు నీళ్లు తియ్యన, మనుషులు మంచివాళ్లు, మార్చి దాటితే ఎండ తట్టుకోలేరు, బంగళా కాయితాన్ని నమ్ముకోవద్దు. ఇద్దరూ తేల్చుకోవలసిన మాట ఏదైనా ఉంటే దాన్ని ఇంట్లోనే, తడిక పక్కనే, నాన్న దగ్గుతున్నా సరే, తేల్చుకుని బయలుదేరడం మంచిది.

మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి బెజవాడలో దిగాం. వాళ్లిద్దరినీ జట్కాలో కూర్చోబెట్టాను. అత్తయ్య గుర్తుచేసింది. "ఆ రాయి ఇక్కడ పారేయకు. ఇల్లు చేరాలి." జేబులో చెయ్యి పెట్టి చూశాను, ఉంది. స్టేషను తంతి కౌంటరు దగ్గరికి వెళ్లి కాయితం అడిగి రాశాను. క్వార్టరు అక్కర్లేదు. మంచాలు, ఒకటి.