ఇరవై రెండు కేజీలూ, ఒక గోంగూర కట్టా

నల్లకోటు కొత్తగా తొడుక్కున్న రోజుల్లో జడ్జిగారికన్నా మనకే ఎక్కువ తెలుసనిపిస్తుంది. నాకు మరీ ఎక్కువగా అనిపించేది. రాజమండ్రిలో మా సీనియరుగారి దగ్గర చేరి ఆరు నెలలైనా కాలేదు, చట్టమంతా నా చంకలో ఉందనుకునేవాణ్ణి (చంకలో ఉన్నవి ఆయన ఫైళ్ళు). అప్పుడొచ్చింది ఒక ఆటో డ్రైవరు భార్య. ప్యాసింజరెవరో ఆటోలో వదిలేసిన గోనెసంచిలో పోలీసులకు గంజాయి దొరికింది. తూకం ఇరవై రెండు కేజీలు. ఇరవై దాటితే చట్టం దృష్టిలో అది వ్యాపారమే, ఇక బెయిలు దాదాపు రానట్టే. "ఆయన చుట్ట కూడా కాల్చరండి బాబూ" అని ఆవిడ ఏడ్చింది.

చట్టం తిరగేస్తే నాకు నిధి దొరికింది. గంజాయి అంటే ఆ మొక్క పూత కొసలేనట, ఆకు లెక్కలోకి రాదట! సంచి నిండా ఆకే. ఆకు తీసేస్తే ఇరవై లోపుకి దిగిపోతాం, ఆయన ఇంటికొచ్చేస్తాడు. ఊళ్ళో లేని సీనియరుగారికి ఫోన్ చేస్తే, "పూర్తిగా చదివావా?" అన్నారు. "చదివానండి" అన్నాను. మార్కెట్టుకెళ్ళి పూత పట్టిన గోంగూర కట్ట అడిగాను. "అది ముదురండీ, పప్పులోకి పనికిరాదు" అంది అమ్మే ఆవిడ. నాక్కావలసింది పప్పు కాదు, న్యాయం!

నిండు కోర్టులో కట్ట విప్పి, ఆకొక పక్కకీ పూతొక పక్కకీ గిల్లిపోశాను. "పచ్చడికి ఎండుమిర్చి కూడా తెచ్చారేమో కనుక్కోండి సార్" అన్నారు ప్రభుత్వ న్యాయవాది. జడ్జిగారు నవ్వలేదు. "ఆ వాక్యం చివరిదాకా చదివారాండీ? పూతతో కలిసి లేనప్పుడే ఆకుకి మినహాయింపు. సంచిలో రెండూ కలిసే ఉన్నాయి. ఇప్పుడు మీరు గిల్లితే ఏం లాభం?" అన్నారు. బెయిలు పిటిషన్ కొట్టేశారు. నేను చదవని ఆ నాలుగు మాటలు నా కళ్ళముందే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

బయట ఆవిడ మొహం చూడలేక గోంగూర చెత్తబుట్టలో వేయబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, "పారేయకండి బాబూ, ముదిరినా పచ్చడికి పనికొస్తుంది. ఆయనకి ఇష్టం. జైల్లో ఇవ్వనిస్తారాండీ?" అంది. ఇవ్వనివ్వరని చెప్పాల్సి వచ్చింది.

కేసు నిలబడలేదని తేలి ఆయన బయటికొచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. అది సీనియరుగారి పుణ్యం. ఇప్పుడు నా దగ్గరా జూనియర్లున్నారు. పూర్తిగా చదివారా అని రెండుసార్లు అడుగుతాను, వాళ్ళు వెనకాల నవ్వుకుంటారు. మా ఇంట్లో గోంగూర గిల్లుతుంటే, కోర్టులో ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ వెర్రివాడు గుర్తొచ్చి నాకూ నవ్వొస్తుంది. కానీ ఆ రోజు మెట్లు దిగుతూ ఆవిడ కొంగులో ఆకు మూటకట్టుకుని నన్నే ఓదార్చింది.

"మీరు బానే చెప్పారండి. నాలాంటిదానికే అర్థమైంది, పాపం ఆ జడ్జిగారికే తెలియలేదు."