తోడల్లుడు తీసిన గేదె

మణుగూరు బొగ్గు గనుల కాలనీ క్లబ్బులో నా సినిమా అయిపోగానే హాలు హాలంతా లేచి నిలబడింది. ఈ మాట చాలామందికి చెప్పాను. లేచిన మాట నిజం. బయట రెండో షిఫ్టు బస్సు హారన్ కొట్టింది, అందుకని లేచారు. మిగిలినవాళ్లు ఖాళీ అయిన కుర్చీల మీద కాళ్లు చాపుకున్నారు.

ఎనభైల చివర్లో భద్రాచలంలో నాకు వీడియో షాపు ఉండేది. భుజం మీద మోసే పెద్ద కెమెరా, ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కు ఎక్కించడానికి రెండు వీసీఆర్లు. గోదావరికి అటూ ఇటూ నేను తీయని పెళ్లి లేదని చెప్పుకునేవాణ్ణి. ఉన్నాయి. చాలానే ఉన్నాయి. పెళ్లిళ్లు తీసీ తీసీ విసుగొచ్చి, వరదలో పొలం పోగొట్టుకున్న రైతు మీద ఒక చిన్న సినిమా తీశాను. రైతు వేషం మా మామగారిది. ఆయనది పెనుబల్లి దగ్గర వ్యవసాయం, పెద్దలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆ సినిమాను పీకల్లోతు నీళ్లలో నిలబడి తీశానంటాను గానీ, తడిసింది మోకాలు. అదీ ఒకటే.

మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, గనుల ఆఫీసులో గుమాస్తా. క్లబ్బులో చిన్న సినిమాలు వేస్తారనీ, హైదరాబాదు నుంచి ఫిల్మ్ సొసైటీ పెద్దమనిషి ఒకరు వచ్చి, నచ్చిన ఒక్క సినిమాను అక్కడ చూపించడానికి పట్టుకెళ్తారనీ ఆయనే చెప్పాడు. ఆ ఒక్కటీ నాదేనని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఒక ఆదివారం ఆయన నా కెమెరా అడిగాడు. "పెనుబల్లి పోతున్న అన్నా. ఊకెనే మామను వీడియో తీస్త."

"తీస్కపో. మూత తీసి తియ్యి. లేకుంటే అమావాస్య వస్తది" అని నవ్వి ఇచ్చాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుకొచ్చి గుచ్చుతుంది.

క్లబ్బులో బల్ల మీద కలర్ టీవీ పెట్టారు. మామగారు తనను తాను చూసుకోవడానికి ఇస్త్రీ పంచె కట్టుకుని బస్సులు మారి వచ్చారు. ముందు నా సినిమా వేశారు. ఏళ్ల తరబడి పెళ్లిళ్లు తీసిన చెయ్యి నాది. వరదకు ఇళ్లు విడిచిన జనాన్ని కూడా ముసలివాళ్లను ముందు కూర్చోబెట్టి, పొడుగువాళ్లను వెనక నిలబెట్టి, ఆడవాళ్లను కొంగు సర్దుకోమని, "అందరూ ఇటు చూడండి" అన్నాను. అందరూ చూశారు. మునిగిన పొలం పక్కన మామగారు తల దువ్వుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. సన్నాయికి బదులు వయొలిన్ పెట్టాను. పెళ్లికీ దానికీ అదొక్కటే తేడా.

ముందు వరసలో ఒకాయన పక్కాయన్ని అడిగాడు. "ఏందన్నా, పెండ్లిపిల్ల ఏది?"

తర్వాత ఆ బస్సు వచ్చింది.

తోడల్లుడి సినిమాలో ఒక వాగు, వాగులో కూర్చున్న ఒక గేదె. అది బయటికి రాదు. గట్టు మీద బనీనుతో మామగారు. "రా అమ్మా, మా తల్లివి కదూ" అని బతిమాలతారు. రాదు. దాని తల్లినీ, దాన్ని అమ్మినవాణ్ణీ తిడతారు. రాదు. చివరికి కూర్చుని చుట్ట వెలిగించి, ఇంట్లో గొడవలన్నీ దానితో చెప్పుకుంటారు. చెప్పి చెప్పి విసిగి ఇంటిదారి పట్టగానే, గేదె తనంతట తానే లేచి వెనకాల నడుస్తుంది. అంతే సినిమా.

"అచ్చం మా అయ్య లెక్కనే తిడుతుండు!" అని ఒకామె అరిచింది.

"బర్రెను చూడురి, కోడలు లెక్క! అన్ని ఇంటది, ఉలకది!" అని ఆమె అత్త.

"ఎనక్కి తిప్పు! మళ్ల ఎయ్యి!" అని మొత్తం హాలు. వెనక్కి తిప్పారు. మళ్లీ వేశారు. ఈసారి తిట్లు జనమే ముందుగా అందించారు.

కెమెరా నాది. క్యాసెట్ నాది. మామగారు ముందుగా నాకే మామగారు. ఆ గేదెను కూడా ఒకప్పుడు నాకే ఇస్తామంటే, భద్రాచలంలో ఎక్కడ కట్టెయ్యాలని వద్దన్నాను.

"ఫోకస్ సరిగా లేదు. ముగింపు అసలే లేదు" అన్నాను మామగారి చెవిలో.

"ఏమనుకోకండి అల్లుడుగారూ" అన్నారు ఆయన టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండా, "మీ దాంట్లో నాకు దండ వెయ్యడం ఒక్కటే తక్కువ."

హైదరాబాదు పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని "చాలా శ్రద్ధగా తీశారండీ" అన్నాడు, దస్తూరీ బాగున్న పిల్లవాడితో అన్నట్టు. తర్వాత గేదె క్యాసెట్ అడిగాడు.

ఆ క్యాసెట్ మొదట్లో ఎవరిదో పెళ్లి భోజనాల బంతి మిగిలిపోయి ఉంది. గేదెను మాత్రం వేరే క్యాసెట్‌కు ఎక్కించాలి. ఆ చుట్టుపక్కల రెండు వీసీఆర్లు ఉన్నది నాకే. మర్నాడు తోడల్లుడు భద్రాచలం వచ్చి, "పేర్లు గూడ నువ్వే ఎయ్యన్నా" అని నా ముందు కూర్చున్నాడు.

వేశాను. పెళ్లికూతుళ్ల పేర్లు వచ్చినట్టే, తామరపువ్వు విచ్చుకుని అందులోంచి నా పేరు గిరగిరా తిరుగుతూ వచ్చి తెరంతా నిండింది. ఆయన పేరు చివర్లో, గేదె వెళ్లిపోయాక, సన్నటి అక్షరాల్లో.

ఆయన పడీ పడీ నవ్వాడు. "మంచిగుందన్నా! బర్రె పేరు గూడ పువ్వులకెల్లి తియ్యకపోయినవ్!"

పోట్లాడతాడనుకున్నాను. జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. అన్నీ దండగయ్యాయి. ఇక నేనే పెద్దమనసు చేసుకుని పువ్వు తీసేసి, ఆయన పేరు మొదట వేశాను.

పెద్దమనసు ఏమీ లేదు. మా ఆవిడ టీ గ్లాసులతో వచ్చి వెనక నిలబడి "మా మరిది పేరేదండీ?" అంది. పేరు మార్చేదాకా టీ ఇవ్వలేదు. మార్చాక పీట వేసుకుని కూర్చుని, వాళ్ల నాన్న తిట్లు వింటూ సినిమా రెండుసార్లు చూసింది. నా వరదను ఆమె మొత్తంగా ఒక్కసారైనా చూసిందని నాకు నమ్మకం లేదు.

హైదరాబాదులో గేదె నడిచింది. ఇంకోటి తీసి పంపమని కబురొచ్చింది. తోడల్లుడు మళ్లీ కెమెరా కోసం వచ్చాడు. ఈసారి అడవిలోపలి ఊళ్లకు పోతాడట.

"రిపేరుకు ఇచ్చిన తమ్మీ" అన్నాను.

"రిపేరేంటండీ, పొద్దున తుడిచి బీరువాలో పెట్టారుగా" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

తోడల్లుడు తలొంచుకుని టీ ఊదుకుంటున్నాడు.

"ఇస్త గని, నేను గూడ వస్త" అన్నాను.

"రా అన్నా, అంతకన్న ఏం గావాలె!"

తోడు కోసం వెళ్లానని చెబుతుంటాను. ఆయన అక్కడ తీస్తుంటే నేను ఇక్కడ షాపులో కూర్చోలేను. పక్కన ఉంటే తప్పులైనా దొరుకుతాయి. బస్సులో ఉన్న ఒక్క సీటూ నాకిచ్చి ఆయన నిలబడ్డాడు. కెమెరా సంచి తాను పట్టుకుంటానని చెయ్యి కూడా చాపాడు. నేను కెమెరాను ఊరొచ్చేదాకా నా ఒళ్లోంచి దించలేదు.