పద్నాలుగో నంబరు

"సంతకం నేను పెడతాను. ఆయన సంతకం నాకొచ్చు," అంది కోడలు.

"పోయినోడి సంతకం నువ్వు పెడతావేటే? సిగ్గు నేదూ?"

"సిగ్గెందుకు, అత్తా? ఆ మాట ఆయన చెప్పలేదా? ఆయన పోకముందు తారీఖేసి, ఇది నేను చెప్పిందే, రాసుకోండి అని రెండు లైన్లు టైపు కొడతాను. కింద సంతకం. ఎవరికి నష్టం?"

"నష్టం సంగతి నానడగనేదు. దొంగ సంతకం దొంగ సంతకమే. నా ఇంట్లో కుదరదు."

"నీ ఇల్లు, నీ కొడుకు. మరి నాకేటి మిగిలినట్టు?"

నేను చేట ముందుకు లాక్కున్నాను. చేటలో బియ్యం ఉన్నాయి, రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

అవి డెబ్బైల చివరి రోజులు. ఉత్తరాదిన ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్ళో, భాలుబాసా పేటలో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం, నేనూ, కోడలూ, ఎనిమిదేళ్ళ మనవరాలూ. నా కొడుకు ఒక ల్యాబులో ఉక్కు ముక్కలు కోసి, అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టే పని చేసేవాడు. ముందటేడు వానల్లో కామెర్లతో పోయాడు. నేను ఏడవలేదు. ఎందుకు ఏడవలేదో నాకే తెలియదు. "దానికి కొడుకు పోయినట్టే నేదు" అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు నా చెవిన పడేలాగే అనుకున్నారు. అననీ అనుకున్నాను. పొయ్యి మీది గిన్నె వట్టి చేత్తో దించి, చెయ్యి కాలిందని తరవాత ఎప్పుడో చూసుకునేదాన్ని. ఒళ్ళంతా మొద్దుబారిపోయి ఉండేది.

కోడలు మెట్రిక్ చదివి టైపు నేర్చుకుంది. వాడి మీద అభిమానంతో ఆ ల్యాబు ఆఫీసరు తను రాసిన కాగితాలు దానిచేత టైపు చేయించుకునేవాడు. ఆయన మనవాడు కాదు, హిందీ మనిషి. ఈసారి రాసింది పగుళ్ళిచ్చే ఉక్కు గురించి, ఏదో పెద్ద పత్రికకి. అలాంటి రాతకి చివర ఒక పట్టీ ఉండాలట. ఏ మాట ఏ పుస్తకంలోది, ఎవరు చెప్పింది అని నంబర్లు వేసి చూపించాలి. ఇందులో ఇరవై మూడు నంబర్లు. నేను తెలుగులో మూడో తరగతితో ఆగినదాన్ని, ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం పోల్చుకోగలను.

పత్రికవాళ్ళు ఆ పట్టీని రెండుసార్లు తిప్పి పంపారు. పేరులోని పొడి అక్షరాలు ఇంటిపేరు ముందు కాదు, వెనక ఉండాలట. సంవత్సరం మధ్యలో ఉండకూడదు, చివర ఉండాలట. పత్రికల పేర్లు పూర్తిగా రాయకుండా కుదించి, కింద గీత కొట్టాలట.

"యాడాది మద్దిలో ఉంటే ఏటి, సివర్న ఉంటే ఏటి? దానికోసం ఇన్ని కాయితాలు పాడుసేత్తారా?" అన్నాను.

"వాళ్ళ రూలు అత్తా."

"రూలు ఆళ్ళదీ, కాయితం మనదీనా?"

అప్పుడు కోడలు నవ్వింది కూడా. మూడోసారి ఉత్తరం వచ్చింది. ఈసారి పేచీ పద్నాలుగో నంబరుతో.

పద్నాలుగో నంబరు నా కొడుకు. మిగతావన్నీ పుస్తకాలూ పత్రికలూ. వాడి దగ్గర మాత్రం పేరూ, 'మాటల్లో చెప్పినది' అనీ, అంతే. పగులు ఎప్పుడూ ముక్క అడుగువైపు నుంచే మొదలవుతోందని, వందల ముక్కలు కోసినవాడు కాబట్టి, వాడే ముందు గమనించి ఆఫీసరుకి చెప్పాడు. నోటిమాటైతే చెప్పిన మనిషి సంతకంతో ఉత్తరం జతచెయ్యాలి, లేదంటే పట్టీలోంచి తీసెయ్యాలి, అని పత్రికవాళ్ళు రాశారు. తీసెయ్యమన్నాడు ఆఫీసరు. బదులుగా ఆఖరి పేజీలో, సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పే చోట, పేరు ముందు కీర్తిశేషులు అని చేర్చి వెయ్యమన్నాడు.

"పేరు ఉంటాదన్నాడు గదా. మరేటి నీ బాద?" అని అడిగాను, బియ్యం ఏరుతూ.

కోడలు ఆ పట్టీ తెచ్చి నా ముందు పెట్టింది. "చూడత్తా. ఇందులో ఎవరు ఉన్నారో ఎవరు పోయారో తెలుస్తాదా? ఈ మూడో నంబరాయన పోయి నలభై ఏళ్ళయిందంట, సారు చెప్పేడు. అయినా అందరితోపాటు ఉన్నాడు. ఈయన కూడా అలాగే ఉంటాడనుకున్నాను. ఆ కీర్తిశేషులు అన్న మాట నా చేత్తో ఎప్పుడూ కొట్టలేదు."

చూశాను. నల్లటి వరసలు, పక్కన అంకెలు. అది చెప్పింది నిజమే, ఏమీ తెలియడం లేదు. ఆ మాటకి నాకు ఏదో అనిపించాలి. ఏమీ అనిపించలేదు. చేటలో ఇంకో గుప్పెడు బియ్యం మిగిలాయి, అవి ఏరాను.

దొంగ పని అని వద్దన్నాను, అది నిజమే. ఇంకొకటి కూడా ఉంది, దానికి చెప్పలేదు. అది సంతకం పెడితే అచ్చం వాడు పెట్టినట్టే ఉంటుందని నాకు తెలుసు. దాన్ని చూడటం నావల్ల కాదు.

"కుదరదే," అన్నాను మళ్ళీ.

"సరే అత్తా," అంది. లేచింది. టైపు మెషీను మీద గుడ్డ కప్పేసింది.

పద్నాలుగు తీసేస్తే దాని వెనకవన్నీ ఒక్కో అంకె ముందుకు జరగాలి. పట్టీలోనే కాదు, లోపలి పేజీల్లో ఎక్కడెక్కడ ఆ అంకెలున్నాయో అక్కడల్లా మారాలి. ఒకరు చదువుతుంటే ఒకరు వెతకాలి, ఒంటి మనిషి వల్ల కాదు. ఇదివరకు ఆ చదవడం వాడు చేసేవాడు.

"పొద్దున్న నంబర్లు నాను సదువుతాను," అన్నాను.

"గిన్తీ మై బోలూఁ, మామ్మా?" అంది మనవరాలు, అంకెలు తను చెబుతానని.

"నువ్వు బడికెల్లు," అన్నాను.

మర్నాడు మనవరాలు బడికి వెళ్ళాక కూర్చున్నాం.

"పదేను," అన్నాను.

"పద్నాలుగు," అంది కోడలు. దిద్దింది.

"పదారు."

"పదేను."

అలా ఇరవై మూడు దాకా వెళ్ళి ఇరవై రెండు దగ్గర ఆగాం. నాలుగో పేజీలో ఒక చోట పాత పద్నాలుగు అంకె ఒక్కటే కొట్టేసింది, వాక్యం అలాగే ఉంచింది.

"అక్కడేటుంది?"

"పగులు అడుగువైపు నుంచి మొదలవుతుంది అని."

"ఎవులు సెప్పినట్టుంది?"

"ఎవరూ చెప్పినట్టు లేదు."

దిద్దిన పేజీలు మళ్ళీ టైపు కొట్టింది. ఆఖరి పేజీ అన్నిటికన్నా చివర ఎక్కించింది. కీర్తిశేషులు అని అర్థమొచ్చే ఆ ఇంగ్లీషు మాట కొట్టింది, తరవాత వాడి పేరు కొట్టింది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. కాగితాలు కవరులో పెట్టుకుని, సాక్చీ దాకా నడిచి, బస్సెక్కి ల్యాబున్న బిష్టుపూర్ వెళ్ళింది. పొద్దు వాలకుండానే తిరిగొచ్చింది. సారు నిలబడే అన్నీ చూసి, సరిగ్గా ఉన్నాయని చెప్పి తీసుకున్నాడట.