టార్పాలిన్ పరిచిన చోటు

చలికాలం రాగానే మా నాన్నకి వాళ్లక్క మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఈసారి ఆ ప్రేమ నా మెడకి చుట్టుకుంది. "ఓడరేవు ఊరు ఈ నెలల్లోనే చూడాలే. వాన ఉండదు, ఉక్క ఉండదు. ఓడలు చూడు, పడవెక్కు, హాయిగా తిరుగు. వచ్చేటప్పుడు మాత్రం మీ అత్తని వెంటబెట్టుకుని రా," అన్నాడు. అసలు పని ఆ చివరి ముక్కేనని నాకు తెలుసు. అయినా సెలవు పెట్టాను. నాది బస్సు కండక్టరు ఉద్యోగం. లోపలికి జరగండి, లోపలికి జరగండి అని అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. నాలుగు రోజులు నోరు మూసుకుని ఊరు చూద్దామనుకున్నాను.

మా అత్త రేవులో టార్పాలిన్లు కుడుతుంది. బస్తాల మీదా లారీల మీదా తడవకుండా కప్పుతారే, ఆ మందపాటి గుడ్డలు. మామయ్య రేవులో మూటలు మోసేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. రేవులో ఆమెని అందరూ దబ్బనమ్మ అంటారు. ఎప్పుడూ చేతిలో దబ్బనం ఉంటుంది కాబట్టి అని కొందరంటారు. ఆమెతో ఒకసారి మాట్లాడినవాళ్లు వేరే కారణం చెబుతారు. ఆమె కూర్చుని కుట్టుకునే చోటుని రేవు ఆఫీసు తీసేసుకుంటోందని నాన్న చెవిన పడింది. ఇంకెందుకా చాకిరీ, మనింటికొచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చోమను అని ఆయన గోల.

రైలు దిగగానే నాన్న మాట నిజమేననిపించింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ ఉంది కానీ కాల్చడం లేదు. పొడిగాలికి పెదాలు పగులుతున్నాయి. రేవు రోడ్డంతా నాలాగే ఊరు చూడొచ్చినవాళ్లు. ప్రతివాడూ ఓడకి వీపు పెట్టి ఫోటో దిగుతున్నాడు. ఒక్కడైనా వెనక్కి తిరిగి ఆ ఓడని చూస్తాడేమోనని నిలబడి చూశాను. ఎవడూ తిరగలేదు.

అత్త గది తాళ్లూ గొలుసులూ అమ్మే కొట్టు మీద. ఇనప మెట్లెక్కి వెళ్లాలి. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ నిండా మేకులు, మేకులకి పురికొస చుట్టలు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన కిటికీ సగమే మూసుకుంటుంది. మిగతా సగంలోంచి క్రేను కనిపిస్తుంది. మంచం మీద నా కోసం కొత్త దుప్పటి పరిచి ఉంది.

"మీ నాన్న పంపాడా?" అంది.

"ఊరు చూద్దామని వచ్చానత్తా."

"చూడు. కడుపునిండా చూసి వెళ్లు. నేను మాత్రం రాను."

నేనింకా చెప్పులు కూడా విప్పలేదు.

మర్నాడు తనతో పాటు పాత గట్టు మీదకి తీసుకెళ్లింది. నీళ్ల పక్కన విశాలమైన సిమెంటు నేల, చుట్టూ ఏ నీడా లేదు. వానలున్నన్నాళ్లూ టార్పాలిన్లన్నీ సరుకు మీదే ఉంటాయి. చలికాలంలో కిందికి దిగుతాయి, చిరిగి, ఉప్పు పట్టి, చెక్కల్లా బిగుసుకుపోయి. మళ్లీ వానలు మొదలయ్యేలోపు అన్నీ కుట్టి పైకెక్కించాలి. వీళ్లకి పని ఉండేది ఈ నెలల్లోనే. చూడొచ్చేవాళ్లు ఎగబడేదీ ఈ నెలల్లోనే. అందుకని ఈ ఏడు ఆ గట్టు మీద బెంచీలూ పడవ టికెట్ల కౌంటరూ పెట్టాలని ఆఫీసు తీర్మానించింది. కౌంటరు అప్పుడే వచ్చి ఒక మూల కూర్చుంది. మర్నాడు పొద్దున్నే ప్రారంభం.

అత్తతో పాటు కుట్టేది ఇద్దరు తోడికోడళ్లు. ఒకే టార్పాలిన్‌కి చెరో చివర కూర్చుని కుడతారు. పొద్దుట మొదలెట్టిన పోట్లాట ఎక్కడా దారం తెగకుండా సాయంత్రం దాకా లాగుతారు. అత్త మీద ఈగ వాలనివ్వరు.

మేం వెళ్లిన కాసేపటికే ఆఫీసరొచ్చాడు. కుర్రాడే, మర్యాదస్తుడు. "అమ్మా, గోడౌన్ల వెనక మీకు మంచి షెడ్డిస్తున్నాం. కప్పుంది, ఫ్యానుంది, లైట్లున్నాయి. ఈ ఎండలో మీకేం ఖర్మ? రేపు పొద్దున్నకల్లా ఇక్కడ ఖాళీ చేసేయండి. లేదంటే గార్డులే తీసి అవతల పెడతారు," అన్నాడు.

అత్త తలెత్తకుండా కుట్టుకుంటూనే ఉంది. ఆయన వెళ్లాక నేనుండబట్టలేక, "షెడ్డు బాగానే ఉంటుంది కదత్తా. అది కూడా వద్దంటే మనింటికి పోదాం," అన్నాను. తోడికోడళ్లిద్దరూ ఆ రోజు మొదటిసారి పోట్లాట ఆపి నా వైపు చూశారు.

అత్త దబ్బనాన్ని మైనంముద్దలో గుచ్చింది. "కోడలా, చెప్పులిప్పి ఇటు రా," అంది.

పక్కనే పరిచి ఉన్న టార్పాలిన్ అంచెత్తి కిందికి దూరింది. ఏం చేస్తాను, నేనూ దూరాను. లోపల చీకటి, వేడి, తారు వాసన. తలతో గుడ్డని పైకెత్తుకుంటూ మోకాళ్ల మీద పాకాలి. తుమ్మొచ్చింది. తిడదామని నోరు తెరిచి పైకి చూశాను, నోరు అలాగే ఉండిపోయింది. ఆ నల్లటి గుడ్డ నిండా వెలుగు చుక్కలు. పైనుంచి చూస్తే ఒక్క చిల్లూ కనపడని టార్పాలిన్ అది. అత్త ఒక్కో చుక్క దగ్గరికీ పాకి, దాని చుట్టూ సుద్దముక్కతో సున్నా గీస్తోంది.

"నెత్తిన ఎండుండాలి, కింద పొడినేలుండాలి. అప్పుడే దొంగ బయటపడతాడు. షెడ్డులో ఏం కనిపిస్తుంది, వాళ్ల తలకాయ?" అంది. "ఆ కుర్రాడికీ చెప్పాను. ఇంకో రెండు ట్యూబులైట్లు పెట్టిస్తానన్నాడు. పాపం, మంచివాడే."

"మరెందుకత్తా ఈ గొడవ? నువ్విన్నేళ్లు కష్టపడింది చాలదా?"

సుద్దముక్క ఆగింది. చీకట్లో మొహం కనపడలేదు కానీ గొంతు మారింది. "మీ మామయ్య పోయిన మర్నాడు కూడా నేనిక్కడికే వచ్చాను. ఇంట్లో కూర్చోలేక వచ్చాను. ఇక్కడైతే చేతికి పనుంది. ఈ చోటు లేకపోతే నేను ఒకరింట్లో మూల కూర్చున్న ముసలిదాన్ని, అంతే. నాకది ఇష్టం లేదు. ఆ షెడ్డు నాకు కావాలని ఎవరడిగారు? నన్నడక్కుండా నా మంచి వీళ్లెట్లా చూస్తారు? వీళ్లూ, మీ నాన్నా?"

నాకు ఒళ్లు మండింది. అత్త మీద కాదు. మా డిపోలో ఆడకండక్టర్ల గది తీసేసుకుని, మీ సౌకర్యం కోసమేనమ్మా అని మెట్ల కింద జాగా చూపించారు. అప్పుడు నేను చేసిన రభసకి మా మేనేజరు ఇప్పటికీ నన్ను చూస్తే దారి మార్చుకుంటాడు. అట్లాంటిదాన్ని, అదే మాట అత్తకి చెప్పడానికి రైలెక్కి వచ్చానన్నమాట. నా తెలివికి నాకే దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇంతకంటే పెద్ద టార్పాలిన్ ఉందా అత్తా?" అన్నాను.

"ధాన్యం గోడౌనుదుంది. మనం నలుగురం పరవగలం," అంది.

తెల్లారేసరికి పరిచేశాం. మామయ్యని ఎరిగిన ముఠా కూలీలు తోపుడుబండి మీద దాన్ని తెచ్చి, మాకేం తెలీదన్నట్టు వెళ్లిపోయారు. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంది, టికెట్ల కౌంటరు గుమ్మం దాకా. ఎండ పడగానే నలుగురం సుద్దముక్కలు పట్టుకుని కిందికి దూరాం.

తర్వాత అన్నీ చెవులతోనే చూడాల్సొచ్చింది. ముందు గార్డుల బూట్లు. తర్వాత ఈల. తర్వాత ఆఫీసరు గొంతు. "అమ్మా, బయటికి రండి. జనం వచ్చేస్తున్నారు."

"పనిలో ఉన్నాం బాబూ," అంది అత్త.

ఒక గార్డు అంచెత్తాడు. "దింపు నాయనా, వెలుగొస్తే చిల్లులు కనపడవు," అని అత్త కసిరింది. వాడు గబుక్కున వదిలేశాడు. లాగేద్దామా సార్ అని ఇంకొకడన్నాడు. కింద ఆడవాళ్లున్నారయ్యా అని ఆఫీసరు నసిగాడు. ఇద్దరు ముగ్గురైతే ఒక్కొక్కర్నీ పట్టుకుని తీసేయొచ్చు అని మొదటివాడు లెక్క చెప్పాడు. నా పక్కన పెద్ద తోడికోడలు చిన్నదాని చెయ్యి పట్టుకోవడం తెలుస్తోంది. నాకూ భయమేసింది. లేదని ఎందుకు చెప్పాలి.

సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది. నాన్న. "అక్క బయల్దేరిందా?"

"లేదు నాన్నా. బయటికి రమ్మంటున్నారు, రావట్లేదు."

"నువ్వేం చేస్తున్నావే మరి?"

"నేనూ లోపలే ఉన్నాను," అని పెట్టేశాను.

బయట చూడొచ్చినవాళ్లు పోగయ్యారు. లోపల ఏముందండీ అని ఎవరో ఆడమనిషి అడిగింది. ఏం లేదమ్మా, మీరలా పక్కకుండండి అంటున్నాడు గార్డు. ఆ మాట వినగానే నాలోని కండక్టరు లేచి కూర్చుంది. అంచు కాస్త ఎత్తి, తలొక్కటే బయటపెట్టి, సెలవులో దాచుకున్న గొంతంతా తీశాను.

"రండమ్మా రండి, లోపల ఖాళీ ఉంది. చెప్పులు విప్పి రండి. ఎక్కినవాళ్లు లోపలికి జరగండి, ముందు ఖాళీ ఉంది, జరగండి బాబూ, గుమ్మం దగ్గర నిలబడకండి."

ముందు ఆ ఆడమనిషి వచ్చింది. వెనక వాళ్లాయన, ఆ వెనక ఒక బస్సు జనం. పాకుతూ, నవ్వుతూ, తుమ్ముతూ వచ్చారు. పైకి చూసి ఒక్కొక్కళ్లే మాట ఆపేశారు. అత్త వాళ్ల చేతుల్లో సుద్దముక్కలు పెట్టింది. "చుక్క చుట్టూ గియ్యండి. దాని మీద కాదు," అంటోంది. ఎవరో చుక్క మీదే గీస్తే తిట్టింది కూడా. ఫోటో తియ్యబోయినవాడికి, ముందు ఆ మూల పూర్తి చెయ్యమని చెప్పింది. టికెట్ల కౌంటరతను ఎప్పుడు దూరాడో తెలీదు, నా పక్కనే సున్నాలు గీస్తున్నాడు.

బయట ఈల ఆగిపోయింది. ఇప్పుడు ఎవర్ని పట్టుకుని తీస్తారు, ఎంతమందిని?

చాలాసేపటికి ఆఫీసరు అంచు దగ్గర గొంతుక్కూర్చున్నట్టున్నాడు. గొంతు బాగా దగ్గరగా వినిపించింది. బతిమాలుతున్నాడు. "దబ్బనమ్మగారూ, ఇంకా ఎంతసేపమ్మా?"

అత్త ఒక చుక్క చుట్టూ నిదానంగా సున్నా గీసింది. మొదలూ చివరా కలిసేదాకా గీసి, అప్పుడు చెప్పింది.

"వానలు పడేదాకా."