సొట్ట గ్లాసుల మీద ఇంగ్లీషు

మా దుకాణంలో అమ్ముడుపోని స్టీలు గ్లాసులు పన్నెండున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో ఇంగ్లీషు మాట చెక్కి ఉంటుంది. చెక్కింది నేనే. గిన్నెలు కొన్నవాళ్ళకు వాటి మీద పేరు చెక్కి ఇవ్వడం మేడ్చల్ బజారులో మర్యాద. ఆ చిన్న మిషను పట్టుకుని పదేళ్ళ వయసు నుంచి ఊళ్ళో సగం మంది పేర్లు చెక్కాను. ఎంత బేరమాడి ఎన్ని సామాన్లు అమ్మినా, లారీలో సొట్టలుపడి వచ్చిన ఆ గ్లాసులను మాత్రం ఎవరికీ అంటగట్టలేకపోయాను. నా పేరుకు అదో మచ్చ. చివరికి వాటినే పలకలు చేసుకున్నాను.

ఇంగ్లీషు మీద పట్టుదల ఊరికే రాలేదు. నా చిన్నప్పుడు మా దుకాణం బస్టాండుకు ఎదురుగా, రోడ్డు మీదే, ఒక అద్దె షట్టర్‌లో ఉండేది. షట్టర్ యజమాని తెచ్చిన ఇంగ్లీషు అగ్రిమెంటులో ఏముందో అడగకుండానే నాయిన సంతకం పెట్టాడు. ఆ ఏడాది తిరగకుండానే అదే కాగితం చూపించి వారంలో ఖాళీ చేయమన్నారు. అందులో నిజంగానే అలా ఉందని పక్క మందుల దుకాణం ఆయన చదివి చెప్పాడు. ఒక్క గరిటె కొనడానికి వచ్చినవాళ్ళు కూడా దాన్ని తిప్పి చూస్తారు, వేలితో కొట్టి మోగించి చూస్తారు. నాయిన ఆ కాగితాన్ని చూడనే లేదు. అప్పటి నుంచి మేం వెనక గల్లీలో ఉన్నాం. నాయిన ఇప్పటికీ ఆ షట్టర్ ముందు నుంచి నడవడు. శామీర్‌పేట పోవాలన్నా చుట్టూ తిరిగి వచ్చి బస్సెక్కుతాడు.

ఇంగ్లీషు కోసం మొదట పేట్ బషీరాబాద్‌లో ఒక క్లాసుకు వెళ్ళాను. మూడు రోజులు ఉచితంగా కూర్చుని, నాలుగో రోజు ఫీజు తగ్గించమన్నాను. కుదరదన్నారు. మా బజారు పద్ధతిలో లేచి బయటికి నడిచాను, వెనక్కి పిలుస్తారు కదా అని. మెట్లు కూడా నెమ్మదిగానే దిగాను. ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత దొరికింది ఫోన్లో ఒక కోర్టు కామెడీ. ఎక్కడో ఇంగ్లీషు దేశంలో ఒక చిన్న ఊరి కోర్టు. ఎపిసోడ్‌కు ఒక చిల్లర నేరం. కథ తెలియకపోయినా నవ్వొచ్చేది, మాటలు కింద ఇంగ్లీషు అక్షరాల్లో పడేవి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బజారులో ఈగలే గిరాకీ. కౌంటర్ మీద ఫోను నిలబెట్టి నేను చూస్తుంటే నాయిన కుర్చీ జరుపుకుని పక్కకు వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. రాకపోయినా దొంగ ఎవరో నాకంటే ముందే చెప్పేవాడు.

"వీడే తీసిండు బిడ్డా. జేబు దిక్కు సూస్తలేడు సూడు."

నిజమే అయ్యేది. యాభై ఏళ్ళుగా చెంచాలు జేబులో వేసుకునేవాళ్ళను కనిపెడుతున్న మనిషి. ముఖాలు ఆయన వంతు, మాటలు నా వంతు అయ్యాయి. ఒక దొంగ, ఆ సమయానికి తాను పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నానంటాడు. డాక్టరు బోనెక్కి, వాడి నోరు తెరిపించి చూసి, ఈ పళ్ళను నేనెప్పుడూ చూడలేదంటాడు. అలా నేరం వేళకు ఇంకోచోట ఉన్నాననడాన్ని 'అలిబై' అంటారట. ఆ రోజు మొదటి గ్లాసు మీద అదే చెక్కాను. ఒట్టేసి అబద్ధం చెప్పడాన్ని 'పెర్జురీ' అంటారని ఇంకో రోజు తెలిసింది. ఆ మాట చెక్కిన గ్లాసులో నాయినకు చాయ్ పోస్తే, అర్థం అడిగి తెలుసుకుని, ఇది మా బావమరిదికి పెట్టు అన్నాడు.

నాకు బాగా నచ్చిన మాట 'డిస్క్రిషన్'. ఒక ఎపిసోడ్‌లో జడ్జమ్మ బల్ల మీదే టిఫిన్ డబ్బా తెరుస్తుంది. వకీళ్ళిద్దరూ వాయిదా కావాలని, వద్దని కొట్టుకుంటారు. అది నా డిస్క్రిషన్ అని చెప్పి ఆమె తీరిగ్గా తినడం మొదలుపెడుతుంది. నాకు డిక్షనరీ అవసరం పడలేదు. మా అవ్వ కౌంటర్ మీద కూర్చున్న రోజుల్లో ఎవరికి తగ్గించాలో, ఎవరికి తగ్గించకూడదో ఆమె ఇష్టం. ఎందుకని అడిగే హక్కు తాతకు కూడా లేదు.

పన్నెండు గ్లాసులూ నిండేసరికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఒకామె బేసిన్ బేరం చేస్తూ ధరలో మరీ కిందికి దిగితే "అబ్జెక్షన్" అనేదాకా వచ్చాను. ఆమె ఏమాత్రం తడబడకుండా ఇంకా కిందికి దిగింది.

పోయిన వేసవిలో, బౌరంపేట్‌లో కొత్తగా కట్టిన ఇళ్ళ కాలనీలో క్లబ్‌హౌస్ పక్కన ఒక షట్టర్ ఖాళీ అయింది. గిన్నెల దుకాణం కావాలని కాలనీవాళ్ళే అన్నారు. మా గల్లీలోంచి బయటపడడానికి అన్నేళ్ళలో వచ్చిన అవకాశం అదొక్కటే. నాయిన వద్దనలేదు. పద అని కూడా అనలేదు. కాగితం ఏ భాషల ఉంటదట అని మాత్రం అడిగాడు. ఇంగ్లీషు అన్నాను. తెల్లచొక్కా వేసుకుని నాతో బయల్దేరాడు.

కాలనీ ఆఫీసులో ప్రెసిడెంటు మేడం, సెక్రటరీ సారు ఉన్నారు. ఇద్దరిదీ గోదావరి వైపు. మంచినీళ్ళిచ్చి, షాపుల అగ్రిమెంట్లున్న ఫైలులోంచి ఏడు పేజీల మా అగ్రిమెంటు తీసి, పెన్నుతో సహా ముందు పెట్టారు. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో గుర్తులు కూడా పెట్టి ఉంచారు. నేను చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలోనే నా మాట కనిపించింది. ముందస్తు నోటీసు లేకుండా, కారణం చెప్పకుండా, తమ సొంత డిస్క్రిషన్ మీద ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చు.

నా కళ్ళకు టిఫిన్ తింటున్న జడ్జమ్మ కనిపించింది.

ఇది మార్చాలన్నాను. సెక్రటరీ సారు చిరునవ్వు నవ్వాడు. "ఇది స్టాండర్డ్ ఫార్మాటండి. షాపులన్నిటికీ ఇదే ఇచ్చామమ్మా."

నాయిన నా వైపు వంగాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ ఆయన గొంతు గిన్నెల చప్పుడు మధ్య పెరిగింది. "అందరికి గిదే ఇయ్యలే బిడ్డా. సారు నిన్ను సూసుకుంట చెప్తలేడు, ఫైలును సూసుకుంట చెప్తుండు."

నేను రెండేళ్ళుగా వకీళ్ళ నోట విన్న పద్ధతిలో, నెమ్మదిగా, ఇంగ్లీషులోనే అడిగాను: పక్కనున్న ఇస్త్రీ షాపు అగ్రిమెంటు ఒకసారి చూడవచ్చా అని. వాక్యం చివరిదాకా విరగకుండా వచ్చింది. అది విని ముందు ఆశ్చర్యపోయింది నేనే.

ప్రెసిడెంటు మేడం ఫైలు తన వైపు లాక్కుని తిప్పింది. ఇస్త్రీ షాపుకు మూడు నెలల నోటీసు ఉంది. సారు చెవులు ఎర్రబడ్డాయి. పాత ఫార్మాటు కాపీ అయిపోయినట్టుంది అన్నాడు. కావచ్చు. నేను సాగదీయలేదు. ఏడాది నోటీసు కావాలన్నాను. మేడం నవ్వి, ఏడాది ఎవరికీ ఇవ్వలేదండి, ఆరు నెలలు రాసుకుందాం అంది. నాక్కావలసింది ఆరే. కాసేపు బాధపడుతున్నట్టు కూర్చుని ఒప్పుకున్నాను.

సారు ఆ లైను కొట్టేసి కొత్తది రాశాడు. పెన్ను నా చేతికిచ్చాడు. నాయిన నా మణికట్టు మీద చెయ్యి వేశాడు.

"ఆగు. మొదటి సంది సదువు. తెలుగుల చెప్పు నాకు."

ఏడు పేజీలూ చెప్పాను. సారు గడియారం చూసుకున్నాడు, నాయిన చూడలేదు. ప్రతి లైనుకూ ఒక ప్రశ్న వేశాడు. బోర్డు ఎంత పొడుగుండాలి, చెత్త ఎవరు తీస్తరు, తాళంచెవి రెండోది ఎవరి తాన ఉంటది. ఆరో పేజీలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. తెల్వది నాయినా అన్నాను. సారుకూ తెలియలేదు. మేడం ఫోన్లో వెతికి, వరదలూ భూకంపాలూ లాంటివి వస్తే ఎవరి తప్పూ కాదని చెప్పింది. నాయిన ఆలోచించి, అది న్యాయమే అన్నాడు.

నేను సంతకం పెట్టాను. కింద సాక్షి సంతకానికి ఒక ఖాళీ ఉంది. దానికి వాచ్‌మన్‌ను పిలుస్తానని సారు లేవబోయాడు. నాయిన అప్పటికే పెన్ను తీసుకుని, కాగితాన్ని తన ముందుకు జరుపుకున్నాడు.

"ఎందుకు సారూ. మొత్తం ఇన్న నేను. నేనే పెడ్త."